1990 టయోటా పికప్‌కి ముందు సాలిడ్ యాక్సిల్: కోత మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫీనిక్స్‌లో ఉంటున్నారు. 1990 టయోటా పికప్ 4x4, 22ఆర్‌ఈ ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్, 4.10 గేర్లు (చక్రం ఒక్కసారి తిరగడానికి షాఫ్ట్ 4.10 సార్లు తిరిగే నిష్పత్తి). రాళ్ల దారుల కోసం 35 అంగుళాల టైర్లు వేయాలని ఉంది. ముందున్న ఐఎఫ్‌ఎస్ (రెండు చక్రాలూ విడివిడిగా కదిలే సస్పెన్షన్) తీసేసి సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) పెట్టాలంటే ఏది కొనాలి, కమాన్ కట్టలా కాయిల్ స్ప్రింగులా, ఇంటి గ్యారేజీలో అయ్యే పనేనా, ఇండియాలో ఇంటి దగ్గరున్న పికప్‌కీ ఇలాగే చేయొచ్చా?

ముందు జవాబు. 35 టైర్లు ఖాయమైతే చేయండి. 1979–85 టయోటా పికప్ ముందు యాక్సిల్, కమాన్ కట్టలు, నకిల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే యాక్సిల్ కొస భాగం) పైన బిగించే ఆర్మ్‌లతో క్రాసోవర్ స్టీరింగ్ (అడ్డంగా పోయే రాడ్‌తో తిప్పేది), మీ బండికి ఇప్పటికే ఉన్న స్టీరింగ్ బాక్స్. మొదటిసారి చేసేవాళ్లకి ఇంతకన్నా తేలికైన దారి లేదు. 33 టైర్లతో సరిపెట్టుకోగలిగితే మాత్రం ఈ పని పెట్టుకోకండి. కొత్త బాల్ జాయింట్లు, గట్టి ఐడ్లర్ ఆర్మ్, 4.88 గేర్లు, వెనక ఒక లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) చాలు. ఆ డబ్బూ ఆ నెలలూ మిగులుతాయి.

ఈ పనిలో చాలామంది దృష్టంతా యాక్సిల్ మీదే పెడతారు. పని అయ్యాక బండి రోడ్డు మీద నడపబుద్ధేస్తుందా లేదా తేల్చేది మాత్రం స్టీరింగ్, కాస్టర్ (నకిల్ వెనక్కి వాలే కోణం), బండి నిలబడే ఎత్తు. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడినవి. బండి తన బరువు మీద తాను నిలబడ్డాక కొలిస్తేనే ఇవి నిజం చెబుతాయి. అందుకే కింద పదేపదే ఒకే మాట కనిపిస్తుంది: టాక్ వెల్డింగ్ (తాత్కాలికంగా చిన్న చుక్కలు) పెట్టండి, బరువు దించండి, కొలవండి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్.

యాక్సిల్ ఎంపిక

అమెరికాలో టయోటా పికప్‌కి 1985 దాకా ముందు సాలిడ్ యాక్సిలే వచ్చింది, 1986 నుంచి ఐఎఫ్‌ఎస్. మీ బండిలో ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె) నుంచి ముందు షాఫ్ట్ ప్యాసింజర్ వైపు బయటికొస్తుంది. పాత యాక్సిల్ డిఫరెన్షియల్ కూడా అదే వైపు ఉంటుంది. ఈ పొంతన కుదరబట్టే ఆ యాక్సిల్ అంటున్నాను. 1995 తర్వాత వచ్చిన టకోమాకి షాఫ్ట్ డ్రైవర్ వైపు ఉంటుంది, కాబట్టి టకోమా ఉన్నవాళ్లు ఈ భాగాల జాబితాను అలాగే వాడుకోలేరు.

ఇంకో లాభం: పాత ముందు యాక్సిల్‌లోనూ మీ వెనక యాక్సిల్‌లోనూ ఉండేది 8 అంగుళాల క్రౌనే (డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు). డిఫరెన్షియల్ మొత్తం ఒకే ముద్దగా బయటికొస్తుంది. ఒక స్పేర్ దగ్గరుంటే ముందుకైనా వెనక్కైనా పనికొస్తుంది. మీ ఐఎఫ్‌ఎస్‌లో ఉన్నది 7.5 అంగుళాలదే.

వెడల్పు చూసుకోండి. పాత ముందు యాక్సిల్ మీ వెనక యాక్సిల్ కన్నా సుమారు 3 అంగుళాలు ఇరుకు. అలాగే వదిలేస్తే ముందు చక్రాలు లోపలికి నక్కినట్టుంటాయి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు కమాన్ కట్టకు రాసుకుంటుంది. మీ బండి నుంచి తీసిన ఐఎఫ్‌ఎస్ హబ్బుల్నే పాత యాక్సిల్‌కి ఎక్కిస్తే ఒక్కో వైపు సుమారు ఒకటిన్నర అంగుళం బయటికొస్తుంది, లెక్క సరిపోతుంది. అలా చేస్తే బ్రేక్ డిస్క్ కాలిపర్ మధ్యలో కూర్చోవడానికి హబ్బుకీ డిస్కుకీ మధ్య స్పేసర్ కావాలి. ఆ హబ్బుల్ని స్క్రాప్‌కి వేయకండి.

పాత యాక్సిళ్లు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినవాటిలో వంగినవీ ఉంటాయి. కొనేముందు హౌసింగ్ పొడవునా దారం లాగి చూడండి. నకిల్ తెరవగానే గ్రీజు బదులు పల్చటి నల్లటి చారు కారిందంటే లోపలి ఆయిల్ సీలు పోయి గేర్ ఆయిల్ గ్రీజులో కలిసిందన్నమాట. అది కొనకుండా వదిలేయాల్సినంత లోపం కాదు. సీళ్లు, ట్రనియన్ బేరింగులు (నకిల్ వీటి మీదే తిరుగుతుంది), వీల్ బేరింగులు ఎలాగూ కొత్తవే వేయాలి. హౌసింగ్ వంగి ఉంటే మాత్రం వదిలేయండి.

టయోటాది దొరక్కపోతే 1970ల చివరి షెవర్లే అర టన్ను ట్రక్కు ముందు యాక్సిల్ ఒక దారి. ప్యాసింజర్ వైపు డిఫరెన్షియల్, ఆరు బోల్టుల చక్రం, బోల్టుల కొలత కూడా టయోటాదే (5.5 అంగుళాలు). కానీ బాగా వెడల్పు, బరువు, మీ వెనక యాక్సిల్‌తో పొంతన కుదరదు. పాత ఫోర్డ్ డానా 44కి డిఫరెన్షియల్ డ్రైవర్ వైపు ఉంటుంది, మీకు పనికిరాదు.

గేర్ల లెక్క

ఇది టైరు నుంచి వెనక్కి వేసుకోవాల్సిన లెక్క. కంపెనీ టైరు 225/75 ఆర్15 అనుకుంటే ఎత్తు సుమారు 28.3 అంగుళాలు. 35ని 28.3తో భాగించి 4.10తో గుణిస్తే 5.07. మార్కెట్లో దొరికేవి 4.88, 5.29. 22ఆర్‌ఈకి గుర్రాలు తక్కువ, కాబట్టి పైదే తీసుకోండి: 5.29. అదే 33 టైరుకైతే లెక్క 4.78 వస్తుంది, 4.88 సరిపోతుంది. 5.29తో 35 వేశాక స్పీడోమీటర్ ఇప్పటికన్నా సుమారు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. అంతకన్నా తేడా వస్తే ఏదో ఒక లెక్క తప్పినట్టే.

ముందూ వెనకా నిష్పత్తి ఒక్కటే ఉండాలి. అమ్మేవాడి మాట వినకుండా డిఫరెన్షియల్ బయటికి తీసి పళ్లు లెక్కపెట్టండి. 41కి 10 అయితే 4.10, 39కి 8 అయితే 4.88, 37కి 7 అయితే 5.29. తేడా గేర్లతో ఫోర్ వీల్ వేసి గట్టి నేల మీద నడిపితే షాఫ్టులు ఒకదాన్నొకటి మెలేసుకుని ట్రాన్స్‌ఫర్ కేస్ పోతుంది.

బడ్జెట్ వేసేటప్పుడు యాక్సిల్ ధర చూసి మోసపోకండి. రెండు వైపులా క్రౌన్ పినియన్ (పినియన్ అంటే షాఫ్ట్‌తో కలిసే చిన్న గేరు), వాటి సెట్టింగ్ కూలి, బేరింగులు, బ్రేకులు, స్టీరింగ్ కిట్, కమాన్ కట్టలు, షాక్ అబ్జార్బర్లు, ముందు షాఫ్ట్, టైర్లు, రిమ్ములు: ఇవన్నీ కలిస్తే యాక్సిల్ ధర చిన్నదైపోతుంది.

ఐఎఫ్‌ఎస్‌లో ఆటోమేటిక్ డిస్‌కనెక్ట్ ఉన్న బండి అయితే దాని వాక్యూమ్ గొట్టాలకు మూతలు వేసి, ముందు మాన్యువల్ లాకింగ్ హబ్బులు పెట్టాలి. 35 టైర్లతో ముందు లాకర్ కూడా వేస్తే విరిగేది బర్‌ఫీల్డ్ జాయింటే (స్టీరింగ్ తిరిగినా చక్రానికి బలం అందించే కీలు). స్టీరింగ్ పూర్తిగా తిప్పి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టప్‌మని పోతుంది. కంపెనీది 27 స్ప్లైన్లది (స్ప్లైన్లంటే షాఫ్ట్ మీది పళ్లు). 30 స్ప్లైన్ల క్రోమోలీ సెట్ వేసుకుంటే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. ముందు ఓపెన్ డిఫరెన్షియల్‌తోనే మొదలుపెడితే ఆ ఖర్చు తర్వాతకి వాయిదా వేయొచ్చు.

కమాన్ కట్టలే ఎందుకు

కాయిల్ స్ప్రింగులతో లింకులు వేస్తే పైకీ కిందికీ కదలిక బాగుంటుంది, నిజమే. కానీ యాక్సిల్ పక్కకి జరగకుండా ప్యాన్‌హార్డ్ రాడ్ పెట్టాలి, అది డ్రాగ్ లింక్‌కి (స్టీరింగ్ బాక్స్ నుంచి నకిల్‌కి పోయే రాడ్) సమాంతరంగా, దాదాపు అంతే పొడవుతో ఉండాలి. లేకపోతే గుంటలో పడ్డ ప్రతిసారీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. లింకులు బిగించే చోట్లలో రెండు అంగుళాల పొరపాటు జరిగినా బ్రేకు వేసినప్పుడు ముక్కు వంగే తీరు మారిపోతుంది. కమాన్ కట్ట ఒక్కటే బరువు మోస్తుంది, యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పక్కకీ కూడా పట్టుకుంటుంది. ముందు హ్యాంగర్లు (కట్ట కొసని చాసీకి పట్టే బ్రాకెట్లు), వెనక షాకిళ్లు (కట్ట సాగేందుకు వీలుగా ఊగే లంకెలు) నాలుగు చోట్ల సరిగ్గా వెల్డ్ చేస్తే పని ముగుస్తుంది.

కట్టల్లో రెండు దారులు. 79–85 ముందు కట్టల్లో సుమారు 4 అంగుళాల లిఫ్ట్ రకం ఒకటి. టయోటా వెనక కట్టల్నే ముందుకు వేసుకోవడం రెండోది. వెనకవి పొడవు కాబట్టి మెత్తగా ఉంటాయి, యాక్సిల్‌ని ముందుకు జరపడానికి వీలిస్తాయి. అయితే ఆకులు తీసి, కలిపి మీ ముందు బరువుకి తగ్గట్టు మీరే సరిచూసుకోవాలి. మొదటిసారికి రెడీమేడ్ ముందు కట్టలే మేలు.

యాక్సిల్ ఎంత ముందుకు? ఒక అంగుళం నుంచి మూడు దాకా జరుపుతారు. ఎందుకంటే స్టీరింగ్ తిప్పినప్పుడు 35 టైరు వెనకవైపు ఫైర్‌వాల్ అంచుకి, బాడీ మౌంట్‌కి తగులుతుంది. మరీ ముందుకు జరిపితే స్టీరింగ్ బాక్స్ డ్రాగ్ లింక్‌కి అడ్డొస్తుంది. అట్టతో 35 అంగుళాల చక్రం కోసి అక్కడ పెట్టి తిప్పి చూడండి. అర గంట పని, తర్వాత కోతలు తప్పుతాయి.

పాతది తీయడం, చాసీ సిద్ధం చేయడం

టార్షన్ బార్ల (ఐఎఫ్‌ఎస్‌లో స్ప్రింగు పని చేసే, మెలిపెట్టిన కడ్డీలు) అడ్జస్టర్ బోల్టులు పూర్తిగా వదులు చేసి, మెలి మొత్తం పోయాకే మిగతావి విప్పండి. ఆ బార్లలో నిలవున్న బలం ఎముకలు విరగ్గొట్టగలదు.

ఐఎఫ్‌ఎస్ క్రాస్ మెంబర్ రెండు చాసీ పట్టాల్నీ కట్టి ఉంచే భాగం కూడా. దాన్ని కోసే ముందే రెండు పట్టాల మధ్య ఒక తాత్కాలిక పైపు వెల్డ్ చేసి పెట్టండి, పట్టాల మధ్య దూరం రాసి పెట్టుకోండి. కోశాక పట్టాలు కొన్ని మిల్లీమీటర్లు విచ్చుకున్నా హ్యాంగర్లు వంకరగా కూర్చుంటాయి. చివర్లో దాని బదులు కొత్త క్రాస్ ట్యూబ్ తప్పనిసరి.

బ్రాకెట్లను చాసీకి మరీ దగ్గరగా కోయకండి. కొంచెం దూరంలో కోసి మిగిలింది గ్రైండర్‌తో అరగదీయండి. పట్టం మందం తక్కువ, గ్రైండర్ ఒక్కసారి లోతుగా దిగితే అక్కడే చీలిక మొదలవుతుంది. తర్వాత తీగ బ్రష్‌తో మెరిసేదాకా తోమండి. ఫీనిక్స్ బండి కాబట్టి తుప్పు బెడద తక్కువే, మంచు ఊళ్ల నుంచి వచ్చిన బండి అయితే సుత్తితో కొట్టి చూసి, సన్నబడ్డ చోట ముందు ప్లేటు వేయాలి.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ రెండు తీగలూ, ఇంజిన్ కంప్యూటర్ కనెక్టరూ ఊడదీయండి. ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే చోటికి దగ్గరగా పెట్టండి. చాసీ లోపలి వైపు పోయే పెట్రోల్, బ్రేక్ గొట్టాల్ని పక్కకి తీయండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచండి. పట్టం మీద నిలువుగా ఒకే గీతలో వెల్డ్ వేయకండి, బరువు పడ్డప్పుడు సరిగ్గా ఆ గీత వెంటే చీలుతుంది. ప్లేటు చివరలు చేప నోరులా, లేదా వజ్రం ఆకారంలో కోసి అంచుల వెంట వేయండి, మధ్యలో రంధ్రాలు చేసి గుండ్రటి వెల్డులు కలపండి.

టాక్ వెల్డింగ్, బరువు, కొలత

ఇక్కడే నిదానం కావాలి. చాసీని స్టాండ్ల మీద సమతలంగా పెట్టి, హ్యాంగర్లు, షాకిల్ ట్యూబులు టాక్ చేసి, యాక్సిల్ ఎక్కించండి. ఇంజిన్, గేర్ బాక్స్, రేడియేటర్ వాటి చోట్లలో ఉండాలి. ముందు ఇనప బంపరూ వించీ పెట్టే ఉద్దేశం ఉంటే వాటి బరువు కూడా ఇసుక మూటలతో పెట్టండి. ఖాళీ చాసీకి కొలిచిన ఎత్తు అబద్ధం చెబుతుంది.

తర్వాత చూడాల్సినవి:

షాకిల్ కోణం. బరువు మీద నిలబడ్డప్పుడు షాకిల్ కింది కొస నిలువుకన్నా 15–20 డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. కట్ట నొక్కుకుంటే పొడవై కొస ఇంకా వెనక్కి పోతుంది, వేలాడితే పొట్టిదై ముందుకొస్తుంది. మొదటే ముందుకు వాలి ఉంటే చక్రం వేలాడినప్పుడు షాకిల్ తిరగబడి చాసీకి ఇరుక్కుంటుంది.

చతురస్రం. మేస్త్రీలు గోడకి వేసే తూకపు గుండు తెచ్చుకోండి. చాసీ మీద రెండు వైపులా ఒకే చోట ఉన్న రంధ్రాల నుంచి నేల మీదికి గుర్తులు దించి, యాక్సిల్ చివరలకి ఎదురు కొలత, ఐమూల కొలత రెండూ తీయండి. రెండు వైపుల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే బండి జీవితాంతం ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది.

కాస్టర్. 35 టైర్లకి 4 నుంచి 6 డిగ్రీలు పెట్టుకోండి. నకిల్ పై కొస వెనక్కి వాలడమే కాస్టర్. సాలిడ్ యాక్సిల్‌లో చిక్కు ఏమిటంటే కాస్టర్ పెంచితే పినియన్ కిందికి దిగుతుంది, షాఫ్ట్ కోణం చెడుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ కార్డన్ (జంట కీలు) ఉన్న షాఫ్ట్‌కి పినియన్ సూటిగా ఆ వైపే చూడాలి. రెండూ కుదరకపోతే కాస్టర్‌కే ఓటు వేయండి. మాన్యువల్ హబ్బుల లాక్ తీసేసి హైవే మీద పోతుంటే ముందు షాఫ్ట్ తిరగదు, దాని కోణం లోపం నెమ్మదిగా పోయే రాళ్ల దారిలోనే బయటపడుతుంది. కాస్టర్ లోపం మాత్రం గంటకి 65 మైళ్ల వేగంలో చేతికి తెలుస్తుంది. రెండూ పక్కాగా కావాలంటే నకిల్ బాల్స్ వెల్డ్ కోసి తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. ఆ పని మిషన్ షాప్‌కి వదలండి.

చిన్న సవరణకి కట్టకీ యాక్సిల్ ప్యాడ్‌కీ మధ్య వాలు షిమ్ వేస్తారు. కట్ట యాక్సిల్ పైన కూర్చునే ఈ అమరికలో కాస్టర్ పెరగాలంటే షిమ్ మందపాటి వైపు వెనక్కి ఉండాలి. వేశాక పినియన్ పైకి లేచిందంటే తిప్పి వేసినట్టు. ఉక్కు షిమ్‌లే కొనండి, అల్యూమినియంవి నలిగి యూ బోల్టులు వదులవుతాయి.

బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ). జాకీతో ఒక వైపు యాక్సిల్‌ని పూర్తిగా పైకెత్తి డిఫరెన్షియల్ ఆయిల్ పాన్‌కి ఎంత దగ్గరొస్తుందో చూడండి. కనీసం ఒక అంగుళం మిగిలేలా బంప్ స్టాప్ పెట్టాలి. ఇది మరిచిపోతే మొదటి పెద్ద గుంటలోనే ఆయిల్ పాన్‌కి చిల్లు పడుతుంది.

స్టీరింగ్

పాత 79–85 పద్ధతిలో డ్రాగ్ లింక్ ముందుకీ వెనక్కీ తోస్తుంది. లిఫ్ట్ చేసిన బండికి దాంతో గుంట గుంటకీ స్టీరింగ్ ఊగుతుంది. క్రాసోవర్‌లో డ్రాగ్ లింక్ డ్రైవర్ వైపు బాక్స్ నుంచి ప్యాసింజర్ వైపు నకిల్‌కి అడ్డంగా పోతుంది. ఆర్మ్‌లు నకిల్ పైన ఉంటాయి కాబట్టి రాడ్లు కట్టలకి పైగా, రాళ్లకి అందకుండా ఉంటాయి. మీ ఐఎఫ్‌ఎస్ బాక్స్ దీనికి బాగా పనికొస్తుంది, పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ని కదిపే చేయి) మాత్రం మారాలి. ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్‌ది చాలామంది వాడతారు. బండి నిలబడి ఉన్నప్పుడు డ్రాగ్ లింక్ ఎంత చదునుగా ఉంటే అంత మంచిది.

బాక్స్ బిగించే చోట చాసీకి లోపలా బయటా ప్లేటు వేసి, బోల్టుకో ఇనప గొట్టం చాసీ గుండా దూర్చి వెల్డ్ చేయండి. ఉత్త పట్టానికి బిగిస్తే 35 టైరు రాయికి ఆనుకున్నప్పుడు పడే బలానికి బోల్టు రంధ్రాల చుట్టూ చీలికలు వస్తాయి.

నకిల్ పైన ఆర్మ్‌ని పట్టుకునే నాలుగు స్టడ్లు ఈ యాక్సిల్ బలహీనత. అవి వదులైతే ముందు అరుగుతాయి, తర్వాత తెగుతాయి, స్టీరింగే పోతుంది. కొత్త స్టడ్లు, కొత్త కోన్ వాషర్లు, కొత్త నట్లు వేయండి. రంధ్రాలు ఆయిల్ లేకుండా శుభ్రంగా తుడవండి. టార్క్ రెంచ్‌తో 71 ఫుట్-పౌండ్లు. 100 మైళ్ల తర్వాత మళ్లీ, 500కి మళ్లీ, ఆపైన ప్రతి పెద్ద ట్రిప్ తర్వాతా చూడండి. యూ బోల్టులకీ అంతే, అవెప్పుడూ కొత్తవే, పాతవి రెండోసారి వాడకూడదు.

టో-ఇన్ (ముందు చక్రాల ముందరి అంచులు కాస్త లోపలికి తిరగడం) 2–3 మిల్లీమీటర్లు చాలు. స్టీరింగ్ గడగడా ఊగిపోయే జబ్బు వస్తే వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ కొని పెట్టకండి, అది జబ్బుని దాచిపెడుతుంది. ట్రనియన్ బేరింగ్ ప్రీలోడ్, వీల్ బేరింగ్ బిగువు (54 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి), టై రాడ్ ఎండ్లు, టైర్ల బ్యాలెన్స్, కాస్టర్: ఈ వరసలో వెతకండి. ఎక్కువసార్లు దొరికేది మొదటి రెండింట్లోనే.

బ్రేకులు

ముందు గొట్టాలు పొడవువి వేసి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, స్టీరింగ్ రెండు వైపులా తిప్పినప్పుడు లాగబడకుండా చూడండి. అందరూ మరిచేది వెనకది. మీ బండి వెనక యాక్సిల్‌కి బరువుని బట్టి బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వ్ ఉంటుంది, ఒక రాడ్ యాక్సిల్‌కి కట్టి ఉంటుంది. వెనక లిఫ్ట్ చేస్తే ఆ రాడ్ కిందికి లాగబడి, బండి ఖాళీగా ఉందనుకుని వాల్వ్ వెనక బ్రేకుల్ని తగ్గించేస్తుంది. లిఫ్ట్ ఎంతో అంత ఎత్తు బ్రాకెట్ వేసి రాడ్‌ని పాత కోణానికి తేవాలి. బరువైన 35 టైర్లతో ఈ తేడా ఆగే దూరంలో బాగా తెలుస్తుంది.

ఇంటి గ్యారేజీలో అవుతుందా? 220 వోల్టుల మిగ్ వెల్డర్ ఉండి, మందపాటి ఇనుము మీద మీ వెల్డులు కోసి చూసుకుని లోపలిదాకా కరిగిందని నమ్మకం ఉంటే అవుతుంది. లేకపోతే టాక్ దాకా మీరు చేసి, పూర్తి వెల్డింగ్‌కి సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌ని ఇంటికి పిలవండి. క్రౌన్ పినియన్ సెట్టింగ్ కూడా అనుభవం ఉన్నవాళ్లకే. ఒక వారాంతంలో అయ్యే పని కాదు, రోజూ ఆఫీసుకి ఇదే బండి అయితే ముందు ఇంకో బండి చూసుకోండి. యాక్సిల్ పూర్తిగా కట్టి స్టాండ్ మీద సిద్ధంగా ఉంచి, చివరి బోల్టు దాకా సామాను చేతికొచ్చాకే ఐఎఫ్‌ఎస్ మీద కోత పెట్టండి. సగం కోసిన బండ్లు అమ్మకానికి అన్నేసి కనిపించడానికి కారణం ఈ వరస తప్పడమే. బీమా కంపెనీకి మార్పు గురించి ముందే రాతపూర్వకంగా చెప్పండి.

ఇండియాలో ఉన్న పికప్‌కి వద్దు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ఆర్‌సీ, బీమా రెండూ చిక్కుల్లో పడతాయి. అక్కడ ముందు సాలిడ్ యాక్సిల్ కావాలంటే కంపెనీ నుంచే అలా వచ్చిన బండి కొనడం తేలిక: కమాన్ కట్టలతో పాత మారుతి జిప్సీ, కాయిల్ స్ప్రింగులతో జిమ్నీ.